మావయ్యగారి బంటుకి ఒక్కడుగే

ఇంటర్నెట్ ఫోను తీగ పట్టుకుని కొత్తపేట దాకా పాక్కుంటూ వచ్చిన కొత్తల్లో నాకో గొప్ప ఉద్యోగం ఉండేది. జీతం లేదు. ఎక్కడో చలిదేశంలో ఒక లెక్కల మాస్టారు తీరికవేళల్లో చదరంగం ఆడే ప్రోగ్రాం రాసేవాడు. దాన్ని వేరే ప్రోగ్రాములతో ఆడించి చూడడం, ఆట మొదట్లో వెయ్యాల్సిన ఎత్తులు దానికి నూరిపొయ్యడం నా పని. ఆ ఎత్తుల మూటనే ఓపెనింగ్ బుక్ అంటారు. అందులో ఉన్నంతవరకూ ప్రోగ్రాం ఆలోచించదు, ఎక్కాలు అప్పజెప్పినట్టు ఆడేస్తుంది. పరీక్షకి నిలబడని ఎత్తుని నేను బుక్‌లోకి రానిచ్చేవాణ్ణి కాదు. నా ఈ నిష్ఠ వల్లే భూమి తిరుగుతోందని అప్పట్లో నా నమ్మకం.

ఆట నడుస్తుంటే నా కంప్యూటరు రైసుమిల్లులా మోగేది. ధాన్యం బస్తాలు ఎక్కడ దింపమంటారని బండివాళ్లు అడిగేవారు.

ఒకసారి ఉప్పలగుప్తం నుంచి మావయ్యగారు, అంటే మా ఆవిడ నాన్నగారు, ఒక తోటకి సరిపడా కొబ్బరిబొండాలతో దిగారు. అరుగుమీద చదరంగానికి ఆయన చక్రవర్తి. పాత పద్ధతిలో బంటు ఎప్పుడూ ఒక్క గడే కదలాలి. నా తెరమీద తెల్లబంటు మొదటి ఎత్తుకే రెండు గళ్లు దూకేసరికి, ఎవరో గట్టు దాటి తన చేలో దిగినట్టు అదిరిపడ్డారు.

"అల్లుడుగారూ, మీ బంటుకి తొందరెక్కువండి."

"ఇప్పటి రూలు అదేనండి."

"ఒక్కడుగు వెయ్యకూడదని ఎక్కడైనా ఉందాండి?"

"లేదండి."

"అయితే నా ఎత్తులు కూడా ఎక్కించండి. మా ఊళ్లో నాతో ఆడేవాళ్లంతా రొయ్యల చెరువుల మీద పడ్డారు. ఇక్కడైనా ఉంటాయి."

వంటింట్లో మా ఆవిడ గొంతు తగ్గించింది. "ఎక్కించెయ్యండి. మీ మాస్టారేమన్నా వచ్చి చూస్తాడా?"

"పరీక్ష లేకుండా కుదరదే."

"సరే. ఓడితే ఆ మాట మీరే చెప్పుకోండి. నేను మధ్యలోకి రాను."

ఓడకపోతేనే బుక్‌లో చోటని మావయ్యగారికి చెప్పాను. "ఆయ్" అన్నారు. ఆయన చెప్పిన ఎత్తులు మాస్టారి ప్రోగ్రాంకి అప్పజెప్పి, నా దగ్గరున్నవాటిలో పరమ క్రూరమైన ప్రోగ్రాంని దానికి ఎదురు నిలబెట్టాను. మా తెల్లబంట్లు ఒక్కో అడుగే వేసి కంచె కట్టేశాయి. ఇలాంటి వింత తన బుక్‌లో లేక ఎదుటిది మొదట్నుంచీ ఆలోచనలో పడింది. బలగాన్నంతా తెచ్చి కంచె బయట మోహరించింది. దాని గుర్రం ఒకటి లోపలికి దూకినప్పుడు మావయ్యగారు నా మణికట్టు పట్టుకున్నారు. నెల్లాళ్లు ఆ వేళ్ల గుర్తులు పోలేదు. మావాడు గుర్రానికి గుర్రాన్నిచ్చి మళ్లీ తడిక బిగించాడు. ఆపైన రెండు పక్షాల ఏనుగులూ ఇటో గడి అటో గడి పచార్లు చేశాయి. ఈలోగా మావయ్యగారు తాగిన కాఫీ వదిలితే కాలవకి గండిపడేది. చివరికి డ్రా.

"ఓడలేదు కదండి?"

"లేదండి."

"గెలవనూ లేదాండి?"

"లేదండి."

ఎత్తులు ఎక్కించాను. ఏ ఎత్తు ఎంత తరచుగా ఆడాలో బుక్‌లో మనమే పెట్టొచ్చు. ఆయన ఎత్తులకి బాగా తక్కువ పెట్టి, ఆ సంగతీ దాచకుండా చెప్పాను.

"ఎప్పుడో ఒకసారి వస్తాయండి, చుట్టంలా."

"అదే మర్యాదండి. రోజూ వచ్చే చుట్టానికి పీటెవరేస్తారు?"

కండువా దులిపి భుజాన వేసుకున్నారు. బస్సుకి బయల్దేరతారనుకున్నాను. కుర్చీ ఇంకాస్త తెరదగ్గరికి లాక్కున్నారు.

"తెల్లవాటి సంగతి తేలిపోయింది. నల్లవాటికి నా ఎత్తులు వేరేనండి."

వంటింట్లో మా ఆవిడ మరో గ్లాసుడు బియ్యం కొలిచింది.