పార్కు నడిమి జాగా

మా ఇంటి ఓనరమ్మ పోయింది. షుగరు ముదిరి దవాఖానలో చేరిన కొద్దిరోజులకే పోయింది. నేను ఆఫీసులో ఉండగా ఆమె కోడలు ఫోను చేసి, "అక్కా, అత్త పోయింది" అని కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని, "పొద్దున గూడ అడిగింది, పైనోళ్ళు మోటరు బందు పెట్టిండ్రా లేదా అని" అంది. పైనోళ్ళంటే మేమే. చావు కబురు విని నవ్వకూడదని నాకు తెలుసు. అయినా నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వాను.

ఇప్పుడు ఆ ఏడుపూ లేదు, ఆ నవ్వూ లేదు. మిగిలింది కోపం. పోయినవాళ్ళ గురించి శాంతంగా రాయాలంటారు. నావల్ల కావడం లేదు. ఎందుకు కావడం లేదో చదివితే మీకే తెలుస్తుంది.

కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి, మాదాపూర్ దగ్గర కిరాయి ఇల్లు వెతుక్కుంటూ తిరిగిన రోజుల్లో ఆమెను మొదటిసారి చూశాను. గేటు దగ్గర పీట వేసుకుని చింతపండులో గింజలు తీస్తోంది. "ఓనరమ్మగారండీ, పై వాటా ఖాళీ ఉందని చెప్పారండీ" అన్నాను. ఆమె తలెత్తి, "గారు, అండి, రెండు రెండెందుకే బిడ్డా? పెద్దమ్మ అను, సాలు" అంది. ఆ రోజు నుంచి పెద్దమ్మే.

పెద్దమ్మ చాలా మంచిది అని రాస్తే ఆమే లేచొచ్చి తిడుతుంది. గోడకు ఒక్క మేకు కొట్టనిచ్చేది కాదు. సుత్తి చప్పుడు వినబడితే చాలు, కింద నుంచి "ఏందే, ఇల్లు కూలగొడుతున్నవా?" అని కేక. మా ఇంటికి చుట్టాలొస్తే నీళ్ళ ట్యాంకు వైపు చూసి నిట్టూర్చేది. సాయంత్రానికి ఆ చుట్టాలకే వేడివేడి సర్వపిండి పంపేది. గిన్నె తిరిగివ్వడం ఆలస్యమైతే దానికీ ఓ కేక. నేను మొహమాటపడి ఏదైనా అడక్కుండా ఊరుకుంటే, "దేవుడు నోరిచ్చింది ఉత్త తిననీకేనా? అడగాలె గద!" అనేది. అడగడానికి ఆమె ఎప్పుడూ సిగ్గుపడలేదు.

మా ఇంటి ఎదుటే పార్కు. పార్కంటే పార్కేమీ కాదు, ప్లాట్లు చేసినప్పుడు కాగితం మీద పార్కు అని రాసి వదిలేసిన ఖాళీ జాగా. నాలుగు వేపచెట్లు, ఒక పెద్ద బండ, మిగతాదంతా ఎర్రమట్టి. పొద్దున పిల్లలు క్రికెట్ ఆడేవారు. మధ్యాహ్నం చుట్టుపక్కల బిల్డింగులు కట్టే పాలమూరు కూలీలు వేపనీడన సద్ది విప్పేవారు. ఎండాకాలంలో మా ఆంధ్రా ఆడవాళ్ళం పాతచీరలు పరిచి వడియాలు పెట్టేవాళ్ళం.

బతుకమ్మ తొమ్మిది రోజులూ మాత్రం ఆ నడిమి జాగా తెలంగాణ ఆడవాళ్ళది. బతుకమ్మలను నేల మీద నడిమధ్యన పెట్టి, చుట్టూ గుండ్రంగా తిరుగుతూ, వంగుతూ లేస్తూ చప్పట్లు కొడుతూ పాడేవారు. ఇళ్ళ ఓనర్లు, కూలి పనికొచ్చిన వాళ్ళు, వాచ్‌మన్ల భార్యలు, అందరూ ఆ వలయంలోనే. ఇంకో మనిషి వస్తే వలయం ఇంకాస్త వెడల్పయ్యేది. మొదటి ఏడాది నేను ఓ పక్కన నిలబడి చూస్తుంటే, పెద్దమ్మ వచ్చి రెక్క పట్టి లాగింది. "ఇదేమన్న సినిమానా సూడనీకె? రా!" నా అడుగు తప్పి ఆమె కాలు తొక్కాను. తిట్టింది. మళ్ళీ తొక్కాను. మళ్ళీ తిట్టింది. వలయంలోంచి మాత్రం బయటికి పోనివ్వలేదు.

ఇంతలో సైబర్ టవర్స్ లేచింది. దానితోపాటు మా కాలనీవాళ్ళ ముక్కులూ లేచాయి. సాఫ్ట్‌వేర్ వాళ్ళు వస్తున్నారు, కిరాయిలు పెరుగుతున్నాయి, కాలనీకి ఒక లుక్కు ఉండాలి అన్నారు. కాలనీ కమిటీ అధ్యక్షులవారు రిటైరైన ఇంజినీరు. మా జిల్లా ఆయనే. మావాడే కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

పార్కులోనే కుర్చీలు వేసి మీటింగు పెట్టారు. చుట్టూ ప్రహరీ, ఇనప గేటు, వాకింగ్ ట్రాకు, పచ్చగడ్డి, సరిగ్గా నడిమధ్యన రంగుల దీపాల ఫౌంటెన్. వినడానికి బాగానే ఉంది. పెద్దమ్మ లేచి నిలబడింది.

"కట్టుండ్రి సారూ, మంచిగనే ఉంటది. నడుమ మాత్రం ఇడిసిపెట్టుండ్రి. ఫౌంటెన్ ఆ మూలకు పెట్టుండ్రి, మేం గూడ సూస్తం."

ఆమె అడిగింది అంతే. పార్కు వద్దనలేదు, గేటు వద్దనలేదు. అధ్యక్షులవారు చిన్నపిల్లకు చెప్పినట్టు నవ్వుతూ చెప్పారు. "ఫౌంటెన్ ఎవరైనా మూలన పెడతారా అమ్మా? అయినా ఇది మీకే సౌకర్యం. మీరు బతుకమ్మని చివరికి నీళ్ళలోనే కదా వేస్తారు? చెరువు దాకా మోసుకెళ్ళే శ్రమ లేకుండా ఇక్కడే వేసేయొచ్చు."

ఆయన వెక్కిరించలేదు. అదే నాకు మరీ మంట. నిజంగానే మేలు చేస్తున్నాననుకున్నారు. ఇన్నేళ్ళుగా తన బాల్కనీ ఎదుట ఆడవాళ్ళు ఏం చేస్తున్నారో ఒక్కనాడూ సరిగా చూడని మనిషికి, వాళ్ళ పండుగ ఎక్కడ చేసుకోవాలో చెప్పే అధికారం ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. మావాళ్ళంతా ఆహా అన్నట్టు తలలూపారు.

"నీళ్ళల్ల ఏసుడు ఆఖర్ల సారూ," అంది పెద్దమ్మ. "ముందుగాల ఆడాలె. ఆడే జాగ నువ్వే తీస్కుంటే, ఇగ ఏసుడెందుకు?"

సగంమంది నవ్వారు. చేతులెత్తమన్నారు. ఆమె మాటకు మద్దతుగా నేను చేయి ఎత్తబోతే, "కిరాయిదార్లకు ఓటు లేదండీ" అన్నారు. ఫౌంటెన్ గెలిచింది.

మరుసటి వారం నడుమ సున్నంతో గుండ్రంగా గీత గీశారు. తవ్వకం మొదలయ్యే రోజు పొద్దున్నే పెద్దమ్మ ఓ ప్లాస్టిక్ కుర్చీ పట్టుకెళ్ళి ఆ గీత లోపల వేసుకుని కూర్చుంది. ఒడిలో చేట, చేటలో బియ్యం. రాళ్ళు ఏరుతోంది. అధ్యక్షులవారు వచ్చి బతిమాలారు. తర్వాత పోలీసుల మాటెత్తారు. "బియ్యం ఏరుకుంటున్న సారూ, నీకేం పరేషాన్?" అని ఆమె తలకూడా ఎత్తలేదు. ఆయన చెమటలు తుడుచుకుంటుంటే చూసి, నేను సెలవు పెట్టి మరీ మజ్జిగ తీసుకెళ్ళాను. గెలిచామనే అనుకున్నాను.

అప్పుడాయన ఆమెతో మాట్లాడటం మానేసి మేస్త్రీ వైపు తిరిగారు. తవ్వకపోతే ఈ రోజు ఎవరికీ కూలి లేదు, రేపటి నుంచి వేరేవాళ్ళను పెట్టుకుంటాం అని చెప్పి వెళ్ళిపోయారు. గడ్డపారలు పట్టుకుని నిలబడ్డ వాళ్ళలోంచి చంటిపిల్లను చంకన వేసుకున్న ఒకామె దగ్గరికొచ్చింది.

"అవ్వా, జర లెవ్వు. మా కూలి పోతది."

పెద్దమ్మ ఆమె మొహంలోకి చూసింది. "నిరుడు నా పక్కనే ఆడినవ్ గదనే ఈడ?"

"ఆడిన. ఏం జెయ్యాలె మరి?"

పెద్దమ్మ లేచింది. "మీ కూలి మీద నాకేం పగనే బిడ్డా" అని, కుర్చీ తనే మోసుకుంటూ ఇంటికొచ్చింది. నేను సాయం పట్టబోతే వద్దంది. ఆ పూట ఇంట్లో ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆమె నోరు అంతసేపు ఊరుకోవడం చూసి నాకు భయమేసింది.

ఫౌంటెన్ వచ్చింది. గేటుకు తాళం వచ్చింది. మధ్యాహ్నం పార్కు మూసెయ్యడంతో కూలీల సద్దులు ఎండలోకి పోయాయి. నిరుడు బతుకమ్మకు ఫౌంటెన్ చుట్టూ తిరగబోతే వలయం కుదరలేదు. ఒక పక్క మొక్కల కంచె, ఇంకో పక్క కాలు జారే టైల్స్. తుంపర్లకు తంగేడు పూలు ముద్దయ్యాయి. గడ్డి తొక్కొద్దని వాచ్‌మన్ ఈల వేస్తుంటే, తిరుగుతున్న వాళ్ళలో అతని భార్య తలదించుకుంది. కొన్నాళ్ళకు ఫౌంటెన్ మోటరు కాలిపోయింది. ఎవరూ బాగుచేయించలేదు. పచ్చబడ్డ ఆ నీళ్ళను చూసి పెద్దమ్మ, "ఇగ దోమలాడుతున్నయ్ బతుకమ్మ" అంది.

ఆమె పోయిన పదమూడో రోజు దాటాక కమిటీవాళ్ళు ఆ ఫౌంటెన్ పక్కనే సంతాప సభ పెట్టారు. అధ్యక్షులవారు మైకు పట్టుకుని, "మొదట్లో కొంత అపోహపడినా, ఈ పార్కు అభివృద్ధికి ఆమె పెద్దమనసుతో సహకరించారు. తనంతట తానే లేచి దారి ఇచ్చారు" అన్నారు. అంతటితో ఆగలేదు. ఫౌంటెన్‌ను బాగుచేయించి దానికి ఆమె పేరు పెడతామని, రాతిపలక వేయిస్తామని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు.

సంతాప సభలో చప్పట్లేమిటో!

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి, "ఆవిడ మీకోసం లేవలేదండీ. మీరు కూలి ఆపేస్తామంటే, ఆ కూలి మనిషి కోసం లేచింది. ఆ పేరు దీనికి పెట్టకండి" అన్నాను. "పోయినవాళ్ళ విషయంలో గొడవలెందుకమ్మా? గౌరవమేగా చేస్తున్నాం" అన్నారాయన, ఎంతో నెమ్మదిగా. బతికుండగా అడిగిన ఆ కాస్త జాగా ఇవ్వలేదు. ఇప్పుడు అడగని పేరు పెడతారట. ఆ పేరు చెక్కిన పలక వాళ్ళకు ముచ్చటగానే ఉంటుంది. పలక ఆమెలా లేచి నిలబడి వాళ్ళను ఏమీ అడగదు కదా.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ పలకే. రేపు దాన్ని చదివేవాళ్ళకు అసలు సంగతి తెలియాలి.

ఇంతలో బతుకమ్మ వచ్చింది. చావు జరిగిన ఇంట్లో ఏడాది పాటు పండుగ చేయరు. ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున పెద్దమ్మ కోడలు మెట్లెక్కి వచ్చి గుమ్మం బయటే నిలబడింది. "మాకు లేదక్కా. మీకు అంటు లేదు గద. మా గేట్లకెల్లి బతుకమ్మ ఎల్లకుంట ఉన్నది ఏనాడు లేదు" అంది. నేను కూకట్‌పల్లి మార్కెట్‌కు పోయి తంగేడు, గునుగు, బంతి పూలు తెచ్చాను. నా బతుకులో ఒక్కసారీ పేర్చినదాన్ని కాదు. కోడలు పూలు ముట్టకుండా, దూరంగా మెట్టు మీద కూర్చుని చెబుతుంటే పేర్చాను. "అటు ఒరిగింది అక్కా, ఇటు దిక్కు ఇంకింత గునుగు పెట్టు" అంటూనే ఉంది. ఎంత పెట్టినా అది అటే ఒరిగింది.

సాయంత్రం పళ్ళెం ఎత్తుకుని రోడ్డు దాటితే పార్కు గేటుకు తాళం. ఫౌంటెన్ రిపేరు జరుగుతోంది, లోనికి రాకూడదు అని అట్ట వేలాడుతోంది. అప్పటికే ఆడవాళ్ళు బతుకమ్మలతో గేటు ముందు నిలబడ్డారు. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. చీకటి పడుతోంది. చేతులు లాగుతున్నాయి. చివరికి నేనే వెనక్కి తిరిగి, నాలుగడుగులు వేసి, నడిరోడ్డు మీద దించేశాను. ఎవరో వచ్చి పక్కన ఇంకోటి దించారు. తర్వాత అన్నీ వచ్చి చేరాయి. పాట ఎత్తుకున్నారు.

ఒక కంపెనీ బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు కాసేపు చూసి ఇంజను ఆపేశాడు. దాని వెనక అధ్యక్షులవారి కారు. ఆయన హారన్ కొట్టారు, అద్దం దించి ఏదో అన్నారు, మళ్ళీ కొట్టారు. ఎవరూ జరగలేదు. తిరుగుతూ మా గేటు వైపు వచ్చినప్పుడల్లా కోడలు కనబడింది. ఈ ఏడాది ఆడకూడదు కాబట్టి చేతులు రెండూ కొంగులో చుట్టి పట్టుకుని నిలబడి ఉంది. పెదాలు మాత్రం పాటతోపాటు కదులుతున్నాయి.