దిగే చోటు

తను నాకు చదివి వినిపించిన కథలన్నీ నేను ఎప్పుడో చదివేసినవేనని నాగజ్యోతికి తెలుసా, తెలియదా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మార్కాపురంలో మా బట్టల దుకాణం కింద, ఇల్లు పైన. కంటి నరం దెబ్బతిని అక్షరాలు అలుక్కుపోయాక పుస్తకాలు అలమరలోనే ఉండిపోయాయి. మధ్యాహ్నం బేరాలు పలచగా ఉంటాయి గనుక, మా అబ్బాయి కోటేశ్వర్లు దుకాణంలో పనిచేసే అమ్మాయిని కాసేపు నా దగ్గరికి పంపడం మొదలుపెట్టాడు. అలా వచ్చింది నాగజ్యోతి. అర్ధవీడు వైపు గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల. కంభంలో ఇంటర్ దాకా చదివింది. పెళ్ళయి బెంగళూరు పోతే, భర్త పనికి వెళుతూ రోజూ గదికి బయట తాళం వేసేవాడు. ఒకనాడు అతను మరిచిపోయాడు. ఈ పిల్ల కట్టుబట్టలతో బస్సెక్కింది.

"కొట్టేవాడా?" అని అడిగానొకసారి.

"కొట్టినా బాగుండు అవ్వా, నలుగురికి చూపిచ్చుకోడానికి ఉంటాది. తాళమేసినాడంటే, 'ఎంత భద్రంగా చూసుకుంటాండాడో' అంటాది మా అమ్మ."

నాకు వయసులో ఉన్నప్పటి నుంచీ రెక్కల కథలంటే పిచ్చి. మనుషులు పక్షులయ్యేవి, పక్షులు పంజరాలు విడిచేవి, ఎక్కడ దొరికినా కొనేదాన్ని. ఇల్లు కదలని మనిషికి అదో ప్రయాణం. అయితే ఆ కథల్లో ఎగిరినవాళ్ళు దాదాపు అందరూ చివరికి పడిపోతారు. పట్టుదారంతో రెక్కలు నేసుకున్న ఒక పిల్ల అలాగే వానకు తడిసి నదిలో కూలిపోతుంది. ఆ పేజీ దగ్గర నాగజ్యోతి ఆగింది. గొంతు సర్దుకుని చదివింది:

"వాన మొదలయ్యేలోగా ఆమె దోర్నాల చెక్‌పోస్టు దగ్గర దిగింది. హోటల్లో ఇడ్లీ తిన్నది."

"సముద్రం అవతలి కథలోకి దోర్నాల ఎట్ల వచ్చిందే?"

"శ్రీశైలం పొయ్యే దోవ గదా అవ్వా. ఎవురైనా ఆడ ఆగాల్సిందే."

తరువాతి కథ తియ్యమన్నాను. ఆ తరువాత నా అలమరలో ఎవరూ చావలేదు. బాణం తగిలి నేలకూలవలసిన హంస, మొదట ఏదో చెట్టు మీద వాలి బతికింది. ఇంకో కథలో చెట్టు పోయి ఊరొచ్చింది. ఆపై ఊళ్ళో ఒక గది, దానికి లోపలి నుంచి వేసుకునే గడియ. ఒక గువ్వయితే ఆధార్ కార్డులో అడ్రసు కూడా మార్పించుకుంది. ఆ పిల్ల చదవడం లేదనీ, తను దిగే చోటు వెతుక్కుంటున్నదనీ నాకు మెల్లగా అర్థమైంది. వారం వారం ఆ గొంతులో తడబాటు తగ్గుతూ వచ్చింది.

అంతలో వాళ్ళన్న సుమన్ ఫోను చేశాడు. పెద్దలు మాట్లాడారట, సోమవారం బావను వెంటబెట్టుకుని వస్తాడట.

"పోతే అంతే అవ్వా," అంది. "ఈసారి తాళం మరిచిపోడు."

కోటేశ్వర్లుతో చెప్పి చూశాను. "వాళ్ళింటి సంగతి మనకెందుకమ్మా," అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం ఎప్పటిలాగే పైకి వచ్చి పుస్తకం తెరిచింది. కొండకొమ్ము నుంచి దూకే కన్య కథ. నాగజ్యోతి నోట ఆ కన్య రైలెక్కింది. "గుంటూరులో దిగింది. ఆసుపత్రిలో పని చూసిపెట్టిన స్నేహితురాలు స్టేషన్‌కు వచ్చింది. ఆమె పేరు మల్లి." ఇన్ని కథల్లో, దిగినచోట ఎదురొచ్చిన మనిషికి పేరుండడం అదే మొదలు.

కింద మాటలు వినిపించాయి.

"మా చెల్లెలేదన్నా?"

"పైన మా అమ్మకు పుస్తకం చదువుతాంది. కూర్చో సుమనూ."

"పుస్తకమా!" అన్నాడు ఇంకో మగగొంతు. "సదివి కలెక్టరు గావాల్నా ఏంది? దిగి రమ్మను."

అతనే. నాగజ్యోతి చదవడం ఆపింది. నేను మెట్ల వైపు తిరిగి గట్టిగా అన్నాను: "పేజీలు మిగిలినాయి నాయనా! ముగింపు వినకుంటే నాకు అన్నం సయించదు. అయినాక పంపిస్తా."

"ముసలామెకు కథలు గావాలంట," అని అతను నవ్వాడు. కుర్చీ లాక్కున్న చప్పుడు.

నాగజ్యోతి ఇంకో రెండు వాక్యాలు చదివింది. పుస్తకం తెచ్చి నా ఒడిలో పెట్టింది. మసకలో ఆమె వంగడం, చెప్పులు చేతిలోకి తీసుకోవడం కనిపించింది. మా వంటింటి వెనక సందులోకి మెట్లున్నాయి.

"అయిపోయిందా అవ్వా?" కింది నుంచి సుమన్.

"ఇంకా ఉంది నాయనా, ఇప్పుడే మంచి పట్టులో పడింది," అన్నాను. ఎన్నో రోజులకు ఊపిరి నిండుగా ఆడింది.

వెనక మెట్ల మీద మెత్తని అడుగులు. సందు మొదట్లో ఆటో ఒకటి ఆగి, కదిలింది. పోతున్నానని కూడా నాగజ్యోతి నాకు చెప్పలేదు.