గోంగూర పేజీ అలాగే ఉంది అన్నా

నిన్న పొద్దున ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో కార్ ఆపుతుంటే వదిన నుంచి ఫోన్.

మురళన్న పోయాడు.

వాకింగ్‌కి వెళ్ళిన మనిషి ట్రైల్ మీదే కుప్పకూలిపోయాడట. ఎవరో చూసి అంబులెన్స్ కోసం 911కి కాల్ చేశారు. హాస్పిటల్‌కి చేరేసరికే అయిపోయింది.

ఆ పార్కింగ్ లాట్‌లో ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు. మొన్న ఆదివారమే కదా మా ఇంట్లో టీ తాగుతూ, ఈ శనివారం మొదలయ్యే పిల్లల వెబ్‌పేజీ క్లాస్ లిస్ట్ చూసుకున్నాం. పద్నాలుగు మంది. "మంచిగున్నరు తమ్మీ ఈసారి, అందరూ చిన్నోళ్ళే" అని సంబరపడ్డాడు.

మేముండే ఈ ఆష్‌బర్న్‌లో మన వాళ్ళు చాలామందికి మురళన్న తెలుసు. తెలియని వాళ్ళకి ఒక్క మాట. వరంగల్ మనిషి. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే రోజంతా ఇంకొకళ్ళ తప్పులు వెతకడం. ఆ పనిలో ఆయన్ని మించినవాడు లేడు.

ఎనిమిదేళ్ళ కింద ఈ క్లాస్ పెడదామన్నది ఆయనే. ప్లానింగ్ నాకు అప్పజెప్పాడు. నేను ఊరుకుంటానా. ఎక్సెల్‌లో పన్నెండు వారాల షెడ్యూల్ చేశాను, రంగులు వేసి మరీ. ఐదో వారానికల్లా డేటాబేస్.

అన్న మొత్తం ఓపిగ్గా చదివాడు.

"నీ ప్లాన్ మంచిగుంది తమ్మీ. దీంతోటి మనిద్దరికీ కొత్త జాబ్ వస్తది. కానీ పిల్లలకు తొమ్మిదేండ్లే."

తర్వాత జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. అదీ ఆయన ప్లాన్. మొదటి శనివారం ఎదురుగా ఇంతే రాసి ఉంది: "ఎవరి పేరుతో వాళ్ళు ఒక పేజీ చేసుకోవాలి. పెద్దలు ముట్టుకోవద్దు."

ఇదీ ఒక ప్లానేనా అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

మూడో శనివారం పిల్లలు ఇంట్లో చేసిన పేజీలు తెచ్చారు. అన్నీ ధగధగలాడుతున్నాయి. ఒక పిల్లాడు కుక్కపిల్ల గురించి చేసిన పేజీకి లాగిన్, పాస్‌వర్డ్ కూడా ఉన్నాయి. పిల్లల తండ్రులందరం ఐటీ వాళ్ళమే మరి. పులిహోర పోటీ పెడితే వంటవాణ్ణి పిలిపించినట్టు తయారైంది వ్యవహారం.

అందులో అన్నిటికన్నా అందమైన పేజీ మా అమ్మాయి మేఘనది. అంటే నాది. రెండు సాయంత్రాలు కూర్చుని చేశాను.

అన్న మేఘన పక్కన కూర్చుని, "ఈ బటన్ నొక్కితే ఏమైతది బేటా?" అని అడిగాడు. అది నా వైపు చూసింది. అన్న కూడా చూశాడు.

ఇంటికొస్తుంటే కార్‌లో, "నేను ఇంక రాను నాన్నా. నాకు రాదు. నీకే వస్తుంది" అంది మేఘన.

తొమ్మిదేళ్ళ పిల్ల. నేను నేర్పింది అదన్నమాట. తర్వాత ఎంత బతిమాలినా లాప్‌టాప్ ముట్టుకోలేదు.

అన్నకి ఫోన్‌లో చెప్పాను. ఆ బుధవారం సాయంత్రం తన పాత లాప్‌టాప్ చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. నన్ను పలకరించనైనా లేదు. నేరుగా మేఘన దగ్గరికెళ్ళి, "మా బ్యాక్‌యార్డ్‌ల గోంగూర మొత్తం జింకలు తింటున్నయి బేటా. అందరికి చెప్పాలె. ఒక పేజీ చేసిస్తవా?" అన్నాడు.

అది ఆయన ముఖంలోకి చూసింది. నిజంగానే అడుగుతున్నాడని నమ్మకం కుదిరాక కుర్చీ లాక్కుంది.

గంటన్నర పట్టింది. నారింజ బ్యాక్‌గ్రౌండ్, మీద ఊదారంగు అక్షరాలు. జింకలు కొరికిన గోంగూర ఫోటో పక్కకి ఒరిగి పడుకుని ఉంది. నేను తట్టుకోలేక మౌస్ అందుకోబోయాను.

అన్న నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"తప్పులు పట్టుడు ఆఫీసుల పని తమ్మీ. ఈడ నాకు లీవ్."

ఆ శనివారం మేఘన నాకన్నా ముందే వెళ్ళి కార్‌లో కూర్చుంది. క్లాస్ జరిగే లైబ్రరీకి వెళ్ళేసరికి కొత్త రూల్ సిద్ధంగా ఉంది. తల్లిదండ్రులు కారిడార్‌లోనే కూర్చోవాలి. మేమంతా గొణిగాం. పాపం మాకోసం రెండు బెంచీలు అడిగి మరీ వేయించాడు. ఎనిమిదేళ్ళు ఆ బెంచీల మీదే గడిపేశాం.

నిన్న మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వదిన క్లాస్ ఫైల్ నా చేతిలో పెట్టింది. "ఈ పిల్లల సంగతి నువ్వే చూడు శ్రీనూ" అంది.

ఇంటికొచ్చి, క్లాస్ వాయిదా అని ఈమెయిల్ టైప్ చేస్తున్నాను. మేఘన వచ్చి పక్కన నిలబడింది. ఇప్పుడు దానికి పదిహేడేళ్ళు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"సెండ్ చెయ్యొద్దు నాన్నా. ఐ విల్ టీచ్. అంకుల్ ఎలా చేశాడో నాకు తెలుసు."

సరేనన్నాను. నేను కూడా లోపలికొచ్చి హెల్ప్ చేస్తాలే అన్నాను.

అది ఫైల్ తెరిచి ఒక కాగితం తీసింది. అదే పాత ప్లాన్, మడతల దగ్గర చిరిగిపోయింది. చివర్లో అన్న తర్వాతెప్పుడో రాసిన ఒక లైన్ ఉంది. అది నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మానాన్నలు బయట. ముఖ్యంగా శ్రీను."

నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. మేఘన నన్ను పట్టుకుని కూర్చుంది.

ఇందాక గోంగూర పేజీ తెరిచి చూశాను. నెట్‌లో ఇంకా వస్తోంది. ఫోటో ఇంకా పక్కకే ఉంది. ఎవరం ముట్టుకోలేదు అన్నా.

శనివారం పదింటికి కారిడార్‌లో బెంచీ మీద ఉంటాను. లోపలికి రాను.

ఇంక నీకు పూర్తిగా లీవ్ అన్నా. నెమ్మదిగా, ప్రశాంతంగా ఉండు.