తక్కువే వచ్చింది

ఆ మంగళగిరి ఆవిడ పేరు నేను అడగలేదు. విజయవాడలో, పిల్లలు పుట్టడానికి వైద్యం చేసే ఒక ఆసుపత్రిలో పక్కపక్క కుర్చీల పరిచయం, అంతే. కొంగు అంచును రెండు వేళ్ల మధ్య నలుపుతూ, రిపోర్టు పట్టుకుని వచ్చిన ప్రతి ఆడమనిషినీ "ఎంతొచ్చిందండీ?" అని అడుగుతోంది. నాకు చిరాకేసింది. అది ఒకరినొకరు అడగాల్సిన ప్రశ్నా?

ట్రీట్‌మెంటుకు ముందు ఏఎంహెచ్ అని ఒక రక్తపరీక్ష చేస్తారు. మన ఒంట్లో అండాలు ఇంకా ఏ మాత్రం మిగిలాయో ఆ అంకెను బట్టి అంచనా వేస్తారు. తక్కువొస్తే నిల్వ అడుగంటినట్టు. నా అంకె సంగతి డాక్టరుగారు అప్పుడే చెప్పారు. మా ఆయన మందులు తెస్తానని వెళ్తే, బయట కూర్చున్నాను.

ఇంతలో ఆవిడ రిపోర్టు వచ్చింది. చూసుకోగానే మొహం విప్పారింది.

"ఒకటి కూడా దాటలేదండీ. మా అత్తగారికీ మామగారికీ షుగరు. వాళ్ల రిపోర్టులు తెచ్చేది నేనే. తక్కువొచ్చిన రోజు ఇల్లంతా తేలిగ్గా ఉంటుంది. ఏదైనా తక్కువుంటేనే మంచిది కదండీ."

చెబుదామని నోరు తెరిచాను. కానీ ఎలాగూ లోపల చెబుతారు, ఈ కాసేపైనా ఉండనీ అనిపించింది.

అంతలో ఆవిడ్ని పిలిచారు. లేస్తూ నావైపు తిరిగింది.

"మీకెంతొచ్చిందండీ?"

"మీకంటే తక్కువ."

కొంగు వదిలేసి నా చెయ్యి పట్టుకుంది.

"అదృష్టవంతులండీ మీరు," అని, నవ్వుకుంటూ లోపలికి వెళ్లింది.