పక్క సీటు బ్రేకు

"పడిపోతుంది! పట్టుకోండి, పట్టుకోండి!"

ఆ కేక బ్రేకు మాస్టారిది. సోఫా వదిలి తొలి అడుగు వేయబోయిన మనవరాలు, పడకుండానే, తాతయ్య గొంతుకు హడలి చతికిలబడింది.

మాస్టారిది డ్రైవింగ్ స్కూలు. నేర్పే కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఏళ్ళ తరబడి దాని మీద కాలు పెట్టి కూర్చున్న మనిషాయన. చిక్కల్లా, ఆ బ్రేకు ఇంట్లో లేకపోవడమే. కొడుకు వేడి టీ పట్టుకుని నడిచినా, కోడలు కత్తిపీట ముందు కూర్చున్నా ఆయన కుడికాలు నేలను అదిమేది. సినిమా హాల్లో తెర మీద కారు మలుపు తిరిగితే, వీపుకు తన్ను తగిలిన ముందు సీటాయన వెనక్కి తిరిగి ఉరిమి చూసేవాడు.

ఇంతవరకూ ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. కానీ తాతయ్య ఉంటే పిల్ల లేచి నిలబడటమే మానేసింది. ఆయన అటు వెళ్ళగానే గోడ పట్టుకుని ఇల్లంతా చుట్టేస్తోందట. అది తెలిసిన రోజు మాస్టారికి ముద్ద దిగలేదు.

"మావయ్యా, సైకోథెరపిస్టును ఒకసారి కలుద్దామా?" అంది ల్యాబులో పనిచేసే కోడలు.

"నాకేమన్నా పిచ్చా అమ్మాయ్?"

"మీ దగ్గర కారు నేర్చుకునేవాళ్ళంతా పిచ్చివాళ్ళా మావయ్యా?"

మాస్టారు దొరికిపోయారు.

మొదటిసారి వెళ్ళొచ్చి గుమ్మంలోనే పెదవి విరిచారు. "మాత్ర లేదు, సూది లేదు. అన్నీ ప్రశ్నలే. జవాబులూ నేనే చెప్పుకోవాలట. పిల్ల పడితే ఏమవుతుంది అంటుందావిడ! ఏమవుతుందీ? పడుతుంది!"

"పడితే?"

"నువ్వూ మొదలెట్టావా?"

గొణుగుతూనే వారం వారం వెళ్ళారు. ఇంట్లో చేయమని ఆవిడ ఒక పని అప్పజెప్పింది. పిల్ల ఆడుకుంటుంటే చూస్తూ కూర్చోవాలి. భయం వేస్తే వేయనివ్వాలి, అరవకూడదు. ఆ భయం పెరిగి, కాసేపటికి దానంతటదే దిగుతుందేమో గమనించాలి. మాస్టారు తెలివిగా కుడికాలు మడిచి, దాని మీద కూర్చున్నారు. అది చెల్లదని ఆవిడ నవ్విందట.

ఒకరోజు మాత్రం కొత్త ముఖంతో ఇంటికొచ్చారు. "అమ్మాయ్, ఆవిడ చేసే పనేమిటో కనిపెట్టేశాను. నేను మాట దొరక్క తడుముకుంటే అందించదు. దారి తప్పుతున్నా స్టీరింగ్ లాక్కోదు. పక్కన కూర్చుంటుంది. ఆవిడకీ ఒక బ్రేకుంది. ఊరికే తొక్కదు, అంతే."

ఆ ఆదివారం పిల్ల సోఫా వదిలింది. కాలు చాపుకుని కూర్చున్న మాస్టారి నుదుటి మీద చెమట. బొటనవేలు నేలను వెతికింది. కేకను మాత్రం పళ్ళ మధ్యే ఆపేశారు. ఒక అడుగు, రెండో అడుగు.

"పడిపోతుంది!"

ఈసారి అరిచింది కోడలు. పిల్ల చతికిలబడి అమ్మ వంక వింతగా చూసింది.

మాస్టారు కడుపుబ్బ నవ్వారు. "ఆవిడ ఫోన్ నంబరు కావాలా అమ్మాయ్? సరే, నా మాట విను. కాలు బ్రేకు దగ్గరే ఉండనీ, తీసెయ్యకు. తొక్కేముందు మాత్రం ఒక్క ఊపిరి వదులు. ఆలోపు చాలాసార్లు బండి దానంతటదే సర్దుకుంటుంది."

ఇప్పుడు పిల్ల మెట్లెక్కుతోంది. కోడలు రెండు చేతులూ చాచుకుని కింది మెట్టు మీదే నిలబడుతుంది. నోటిదాకా వచ్చిన కేకను ఆపి, ముందు ఊపిరి వదులుతుంది.