కమలక్క చూసిన అంతరిక్షం

నేను పనిచేసే జనగామ ఆస్పత్రి గేటు దగ్గరికి కొత్త కాపలాదారు వచ్చాడు. అతని చేతిలో ఒక వాకీటాకీ ఉంటుంది. మాట రావడానికి ముందు అది గరగరమంటుంది, ఆ తర్వాత ఎవరిదో గొంతు ఎక్కడో దూరం నుంచి తెగి తెగి వినిపిస్తుంది. మొదటిసారి ఆ చప్పుడు విన్న రోజు, చేతిలో మందుల ట్రేతో మెట్ల మీదే ఆగిపోయాను. వెనకాల వస్తున్న ఆయమ్మ "ఏమైంది సిస్టరూ?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. నిజానికి ఆ క్షణాన నేను భూపాలపల్లిలో, గని కార్మికుల క్వార్టర్లలో, కమలక్క ఇంటి చల్లటి గచ్చు మీద మోకాళ్ళు ముడుచుకుని టీవీ ముందు కూర్చుని ఉన్నాను.

మాది నెల్లికుదురు దగ్గర తండా. నాయన బాలుకు బొగ్గుగనిలో పని దొరికాక భూపాలపల్లికి మారాం. ఇంట్లో మాది లంబాడీ భాష. మా అమ్మను నేను యాడీ అనే పిలిచేదాన్ని. నలుగురిలో తెలుగు మాట్లాడాలంటే యాడికి జంకు. పక్క క్వార్టరులో ఉండే కమలక్క ఆ జంకును పట్టించుకోలేదు. కూరగాయలకు పోతూ "నడు మంగ్లీ" అని యాడి చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది. బేరం తనే మొదలుపెట్టి, మధ్యలో ఆపి, మిగతాది మా అమ్మకు వదిలేసేది. ఆమె భర్త రాజలింగు కూడా గనిలోనే పని. పిల్లలు లేరు. వాళ్ళ గడప దాటడానికి నేనెప్పుడూ అనుమతి అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం క్వార్టర్ల లైనులోని మిగతా టీవీలన్నీ సినిమా పాటలతో మోగుతుంటే, కమలక్క ఇంట్లో మాత్రం ఒక విదేశీ సీరియల్ నడిచేది. మనిషి మొట్టమొదట అంతరిక్షంలోకి పోయిన నాటి నుంచి జరిగిన కథంతా వారం వారం చూపేవారు, తెలుగు మాటలు పెట్టి. రాజలింగుకు రాకెట్టంటే ప్రాణం. అది నిప్పులు కక్కుతూ లేస్తుంటే తనూ మంచం మీంచి కొంచెం లేచేవాడు. కమలక్క చూపు రాకెట్టు మీద ఉండేది కాదు. లోపలికి పోయిన మనుషుల ఇండ్లు, వంటగదులు, వాళ్ళ భార్యలు తెర మీదికి వచ్చినప్పుడే ఆమె బియ్యంలో రాళ్ళు ఏరడం ఆపి తలెత్తేది.

"ఏందే గిది, చంద్రుని మీదికి పోయెటోళ్ళు సుత కోస్తోళ్ళ లెక్కనే మాట్లాడుతరు. మనోళ్ళను ఎక్కించుకోరా?" అని ఒకరోజు నవ్వింది.

"మనల్ని కిందికే పంపుతరు," అన్నాడు రాజలింగు, ఆయనా నవ్వుతూనే.

ఒక భాగం నాకు బాగా గుర్తు. పైకి పోయిన మనుషుల ఇండ్లలో ఒక చిన్న పెట్టె పెట్టేవారు. భర్త అక్కడ మాట్లాడే మాటలు గరగర చప్పుడు మధ్య ఇంట్లో భార్యకు వినిపించేవి. ఆ రోజు వాహనం అదుపు తప్పి గిర్రున తిరగడం మొదలైంది. లోపలి మనుషుల గొంతులు మారాయి. అంతలో ఆ ఇంట్లో పెట్టె మూగబోయింది. వాళ్ళను పైకి పంపిన ఆఫీసువాళ్ళే ఆపేశారు. భార్య పెట్టెను అటూ ఇటూ తట్టి, చెవి ఆనించి, చివరికి దాని ముందు ఊరికే నిలబడిపోయింది.

కమలక్క చేట పక్కన పెట్టి లేచింది. "బందు జేసిండ్రా! ఆమె మొగని మాట ఆమె ఇనొద్దా?"

"భయపడ్తదని బందు జేసిండ్రే. ఆమె మంచికే."

"భయపడితే పడ్తది. మొగడు ఆమె మొగడైనప్పుడు భయం సుత ఆమెదే గద. మీకేం పని నడుమ?"

ఆ మనుషులు క్షేమంగానే దిగారు. కమలక్క మాత్రం సాయంత్రం దాకా ఆ మాటే తవ్వుకుంది. మా యాడికి కూడా వచ్చి చెప్పింది.

గనిలో కప్పు కూలింది ఆ వానాకాలమే. నేను బడి నుంచి వచ్చి గుమ్మంలో కూర్చున్నాను. రాజలింగుతో పనిచేసే ఇద్దరు స్నేహితులు వచ్చి కమలక్క తలుపు దగ్గర నిలబడ్డారు. ఒళ్ళంతా బొగ్గు. "వదినా, అన్నకు జర దెబ్బ తాకింది. దవాఖానకు తీస్కపోయిండ్రు. నువ్వు రావాలె," అన్నాడు ఒకాయన. రెండో ఆయన తల ఎత్తలేదు. కమలక్క గబగబా చీర మార్చుకుంది. పొద్దున్నుంచి ఏం తిన్నాడో ఏమోనని టిఫిన్ డబ్బాలో అన్నం పెట్టి, పైన ఆయనకిష్టమైన చింతచిగురు పప్పు వేసి, మూత బిగించి గుడ్డలో కట్టింది. వాళ్ళిద్దరూ చూస్తూ నిలబడ్డారు. ఒక్కరూ వద్దనలేదు. యాడి కూడా ఆమె వెంట పోయింది.

రాజలింగు గనిలోనే పోయాడు. దవాఖాన వరండాలో ఉన్నవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. అన్నం డబ్బా పట్టుకుని వాళ్ళ మధ్యనుంచి కమలక్క ఒక్కతే తెలియక నడిచింది. కర్మకాండలన్నీ అయ్యాక ఒకరోజు మా గుమ్మంలో కూర్చుని యాడితో అన్న మాట నేను విన్నాను. "సచ్చిండని చెప్తే సావకపోదును మంగ్లీ. నన్ను అన్నం కట్టనిచ్చిండ్రు. ఉప్పు సరిపోయిందా లేదా అని నాలిక మీద ఏసుకొని చూసిన. వాళ్ళు నిలబడి చూసిండ్రు."

యాడి ఆమె వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత ఆదివారాలు కమలక్క ఇంట్లో టీవీ మోగలేదు. ఆ సీరియల్లో మనుషులు చంద్రుడి మీద ఎప్పుడు కాలు పెట్టారో మాకెవరికీ తెలియదు.

భర్త పోయినందుకు ఆమెకు గని ఆఫీసులో అటెండరు పని ఇచ్చారు. చేరిన కొన్నాళ్ళకే ఒక మాట అడిగి ఒప్పించుకుంది. గనిలో ఎవరికైనా ఏమైనా జరిగితే ఇంటికి చెప్పడానికి తనను పంపాలి. సంతోషంగా ఒప్పుకున్నారు, ఆ పని ఎవరికీ ఇష్టం ఉండేది కాదు గనుక. లైనులో కొందరికి ఆమె వస్తుంటే వణుకు. ఎదురైతే పక్కకు తప్పుకునేవారు. అది ఆమెకు తెలుసు. అయినా మానలేదు.

నేను ఇంటరు చదివే రోజుల్లో ఆమె మా గుమ్మంలోకి వచ్చింది. యాడి ఆమె ముఖం చూసి, పిండి చేతులతోనే గోడకు ఆనుకుంది. కమలక్క ఆమె ఎదురుగా కింద కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని, తొందర లేకుండా చెప్పింది.

"మంగ్లీ, బాలు బతికి ఉన్నడు. కుడికాలు పోయింది. మోకాలు కిందికి తీసేస్తున్నరు. మాట్లాడుతున్నడు. నేను నా కండ్లతోటి చూసి వస్తున్న."

యాడి గుండెలు బాదుకుంది. కాసేపటికి ఆగి, "బతికి ఉన్నడా కమలా?" అని అడిగింది.

"ఉన్నడు."

యాడి వెంటనే లేచి చేతులు కడుక్కుంది. ఆ రోజు ఇంకెవరు వచ్చి బతికే ఉన్నాడని చెప్పినా మేము నమ్మేవాళ్ళం కాదు. దవాఖాన దాకా ఏడుస్తూ పోయేవాళ్ళం, శవం కోసం పోతున్నట్టే. కమలక్క చెప్పింది గనుక, మేము నాయన కోసం పోయాం. నర్సు కావాలని నేను ఆ దారిలోనే అనుకున్నానని చెబితే అతిశయోక్తి అవుతుంది. కానీ చదువు ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు నాకు మరొకటి తోచలేదు.

ఉద్యోగం అయిపోయాక కమలక్క చిల్పూరులో చెల్లెలి కొడుకు శ్రీను దగ్గరికి వెళ్ళిపోయింది. మూడేళ్ళ కింద అతనే ఆమెను మా ఆస్పత్రికి తీసుకొచ్చాడు. కాలేయంలో గడ్డ. అప్పటికే పాకిపోయింది. శ్రీను నన్ను పక్కకు పిలిచాడు. "అక్కా, పెద్దమ్మకు చెప్పొద్దు. కడుపుల పుండు అని చెప్పిన. పరేషాన్ అయితది." అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతన్ని తప్పుపట్టలేకపోయాను. డాక్టరమ్మ మాత్రం "ఆమె అడిగితే దాచొద్దు. నీకు దగ్గరి మనిషి కదా, నువ్వే చూసి చెప్పు," అంది.

ఆమె అడిగింది. మధ్యాహ్నం సెలైన్ మారుస్తుంటే నా మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది.

"పుండు కాదు గద బిడ్డా?"

మంచం మీద కూర్చున్నాను. "కాదక్కా. క్యాన్సరు. మందుల చేతిల లేదు. ఎక్కువ రోజులు లేవు."

ఆమె కిటికీ వైపు చూసింది. ధైర్యంగా ఏదో ఒక మాట అంటుందని ఎదురుచూశాను. అనలేదు. చిన్నపిల్లలా ఏడ్చింది. శ్రీను చెప్పిందే నిజమేమో, ఈ కొన్ని రోజులైనా ప్రశాంతంగా ఉండనివ్వాల్సిందేమో అనిపించింది. డాక్టరమ్మను పిలుస్తానని లేవబోయాను.

"ఎటు పోతున్నవే?" అంది ఏడుస్తూనే. "చెప్పినవు, మంచిగ చేసినవు. చెప్పి ఉరుకుతరా? నేనెన్నడన్న గట్ల ఉరికిన్నా? కూసో. జరసేపు ఏడ్వనియ్యి."

కూర్చున్నాను. వార్డులో పిలుపులు వినిపిస్తున్నా కదల్లేదు. మర్నాడు ఆమె చిల్పూరు తీసుకుపొమ్మని శ్రీనుకు తనే చెప్పింది.

కొన్ని వారాల తర్వాత, నేను డ్యూటీకి బయల్దేరుతుంటే శ్రీను ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దమ్మకు జర సీరియస్‌గ ఉంది. నువ్వొకసారి వస్తవా?"

ఆ గొంతులోని తొట్రుపాటు నాకు తెలిసిందే. "శ్రీనూ, పోయిందా?" అన్నాను.

అటువైపు అతను బావురుమన్నాడు. నేను రోడ్డు పక్కన ఒక కొట్టు అరుగు మీద కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని, అతని ఏడుపు ఆగేదాకా విన్నాను.