బియ్యం బుక్కే రోజులు

కొత్త బియ్యం బస్తా మూతి విప్పినప్పుడు వచ్చే ఆ పొడి వాసనకు ఇప్పటికీ నా చెయ్యి దానంతటదే గుప్పెడు తీయబోతుంది. వెంటనే శకుంతల టీచర్ గుర్తొస్తుంది, చెయ్యి ఆగిపోతుంది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. పోతిరెడ్డిపల్లిలో మేం కిరాయికున్న ఇంటి వెనక గల్లీలో అంగన్‌వాడీ నడిపేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కోపంతో అరుస్తోందో ప్రేమతో అరుస్తోందో కొత్తవాళ్లకు తెలిసేది కాదు. తెలిశాక కూడా పెద్ద తేడా ఏమీ ఉండేది కాదనుకోండి.

అప్పుడు నేను మొదటిసారి కడుపుతో ఉన్నాను. పాశమైలారంలో ఒక కంపెనీలో ప్యాకింగ్ పని. సెలవు రోజున గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతూ, ఏరినవి ఏరినట్టే నోట్లో వేసుకునేదాన్ని. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. పచ్చి బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందని మా వైపు ఆడపిల్లలను ఆటపట్టిస్తారు. ఒకరోజు టీచర్ వచ్చేసరికి మా అత్తమ్మ అదే అంటోంది: "పెండ్లి ఎప్పుడో అయిపాయె. ఇగ వాన పడ్తె పడనీ, బుక్కు!"

నేను నవ్వాను. టీచర్ నవ్వలేదు. నా పక్కన కూర్చుని బొటనవేలితో నా కంటి కింది రెప్ప లాగి చూసింది.

"తెల్లగ పాలిపోయినవ్ గదనే. ఒంట్ల ఇనుము లేదు బిడ్డా. ఒళ్లు దేన్నో అడుగుతున్నది, నువ్వేమో బియ్యం పెడ్తున్నవ్."

"కంచం నిండ తింటున్న గద టీచర్?"

"కూరల ఉప్పెంత ఏస్తం? చిటికెడు. అది లేకుంటె గిన్నెడు కూర తింటవా? ఇనుమైనా, విటమిన్లైనా గంతే. సూక్ష్మపోషకాలని మా చార్టు మీద ఉంటది గద, గవ్వే. కావాల్సింది జెరంత. లేకుంటె మాత్రం కంచం నిండ తిన్నా ఒళ్లు సల్లవడ్తది."

తెల్లారే నన్ను దవాఖానకు తీసుకెళ్లింది. రక్తం ఏడు పాయింట్లే ఉందన్నారు. గోలీలు ఇచ్చారు. రోజూ మింగాను. అయినా తర్వాతి నెల పరీక్షలో రక్తం పెరగలేదు. టీచర్ నా మీద విరుచుకుపడింది. "మింగుతున్నవా, మోరీల పారేస్తున్నవా?" ఒట్టు పెట్టినా నమ్మలేదు. ఆ రాత్రంతా ఏడ్చాను.

మరుసటి పొద్దున, నేను కంపెనీ బస్సుకు బయలుదేరే వేళకు ఆమె వచ్చింది. నేను గోలీ నోట్లో వేసుకుని చాయ్ గ్లాసు ఎత్తాను. మా ఇంట్లో జ్వరానికైనా, తలనొప్పికైనా గోలీ చాయ్‌తోనే దిగుతుంది. ఉత్త నీళ్లతో అయితే వాంతి వచ్చేది.

"ఆగు! రోజూ చాయ్‌తోనేనా?"

తలూపాను. ఆమె గ్లాసు లాక్కుని అక్కడే నేల మీద కూలబడింది. "చాయ్ ఇనుమును ఒంటవట్టనియ్యదే! నిన్ను అనవసరంగ తిట్టిన. గోలీ మింగుమన్న గాని, దేంతోని మింగాల్నో చెప్పకపోతి." ఆ గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

ఆనాటి నుంచి గోలీ నిమ్మరసం నీళ్లతో. చాయ్ ఎప్పుడో మధ్యాహ్నం. తోటకూర మీద నిమ్మకాయ పిండుకుని తినాలి, పల్లీలూ బెల్లమూ డబ్బాలో పెట్టుకుపోవాలి. నెలలు నిండేసరికి బియ్యం మీదికి మనసు పోవడమే మానేసింది.

సంగారెడ్డి దవాఖానలో కాన్పు కష్టమైంది. నెత్తురు చాలా పోయింది. కళ్లు తెరిచేసరికి టీచర్ నా పాపను ఒళ్లో పెట్టుకుని ఉంది. నేను అడగకుండానే మొదలుపెట్టింది.

"మా సెల్లె సుజాత గూడ గిట్లనే బియ్యం బుక్కేది. దాని పెండ్లికి నిజంగనే వాన దంచింది. టెంటు గూలింది. అందరికంటె ఎక్కువ నేనే నవ్విన."

"ఇప్పుడు ఎక్కడుంటది టీచర్?"

పాప చెవి మీది గుడ్డ సర్దింది. "మొదటి కాన్పులనే పోయింది. నెత్తురు ఆగలె. ఒంట్ల ఉన్నదే జెరంత. బిడ్డ గూడ దక్కలె. అటెన్కనే నేను ఈ కొలువు వట్టిన. నీకు ముందే చెప్తె భయపడ్తవని చెప్పలె."

ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. నా కోసం ఏడ్చానో, నేను చూడని ఆ సుజాత కోసం ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను.

పోయినేడు టీచర్ గుండె ఆగి పోయింది. నేను షిఫ్టులో ఉన్నాను. ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది, కడసారి చూపు కూడా దక్కలేదు. ఇప్పుడు సుల్తాన్‌పూర్‌లో ఇంకో కంపెనీలో పని చేస్తున్నాను. మా లైనులో కొత్తగా చేరిన ఏ అమ్మాయి మొహం పాలిపోయినా కంటి రెప్ప లాగి చూస్తాను. డాక్టరమ్మ వచ్చిందని నవ్వుతారు. నవ్వనీ. వాళ్లు దవాఖానకు వెళ్లేదాకా వదలను.

మొన్న మా పాప టీచర్ ఫోటో చూసి అడిగింది. "అమ్మా, టీచర్ మనకు ఏమైతది?"

"పెద్దమ్మ అయితది," అన్నాను.

ఆమెను అలా పిలవాల్సిన సుజాత బిడ్డ భూమ్మీద నిలవనే లేదు. మా పాప అంగన్‌వాడీకి పోయినన్నాళ్లూ అందరు పిల్లల్లాగే టీచర్ అనే పిలిచింది. ఒక్కసారైనా పెద్దమ్మా అని పిలువు అని నేను చెప్పి ఉంటే, ఆ పిలుపు ఆమె వినేది.